జావా పులి ఎవరిది?

2024 జూన్ 9, ఆదివారం

పులికి నాలుగు కాళ్ళూ పెట్టి నెల దాటింది. నడవమంటే కుక్కలా నడుస్తోంది.

పొద్దటి నుంచీ సిస్టం ముందు కూర్చుని నడుము పట్టేసింది. కన్నతల్లి కదా, అవ్వ రెండుసార్లు తలుపు దాకా వచ్చి, ఆదివారం ఒక్కరోజైనా తల దువ్వుకోవే అని తిట్టి పోయింది. దువ్వుకోలేదు. ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది, అందుకే ఈ డైరీ.

నేను చేస్తున్నది జావా పులి. జావా దీవిలో యాభై ఏళ్ళ కింద చివరిసారి కనిపించిందట, ఆ తర్వాత లేదు. బతికుండగా తీసిన ఫొటోలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, అన్నీ నలుపు తెలుపు. నేను వెతికినంత వరకు వీడియో ఒక్కటీ దొరకలేదు. సన్నటి పులి, పొడుగు మూతి, చారలు ఒత్తుగా దగ్గర దగ్గరగా ఉంటాయి. అంతవరకు ఫొటోల్లో చూసి చేశాను. ఎలా నడిచేదో చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

నేనూ విజయేందరూ ఆడే జూ గేమ్‌లో ఎవరి జూ వాళ్ళు కట్టుకోవచ్చు. గేమ్‌లో లేని జంతువును మనమే తయారు చేసి పెడితే, ప్రపంచంలో ఎవరైనా తీసుకుని తమ జూలో పెంచుకోవచ్చు. బెంగాల్ పులులు బోలెడున్నాయి. జావా పులిని సరిగ్గా చేసినవాళ్ళు లేరు. విజయేందర్ పాలిటెక్నిక్‌లో నా బ్యాచ్, ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటాడు. కోడ్ వాడిది, పులి నాది. మొదటి రోజే అలా మాట్లాడుకున్నాం.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎనిమిదేళ్ళుగా ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌ని. గోదావరిఖనిలో ఏ చౌరస్తాలో నిలబడ్డా నేను చేసిన ముఖాలే. జన్మదిన శుభాకాంక్షలు, అశ్రునివాళి, అయ్యప్ప పడిపూజ. ఒక్కో ఫ్లెక్సీ కింద ముప్ఫై మంది పేర్లుంటాయి, షాపు పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది. చేసిన మనిషి పేరుండదు. నేను చేసిన ఒక్కదాని కిందైనా స్వరూప అని చూడాలని ఉంది. అంతే.

జూన్ 12

ఇవాళ మేకలా నడిచింది.

జూన్ 23, ఆదివారం

బాపు చూశాడు.

చాయ్ గ్లాసు పట్టుకుని నా వెనక ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. ఉన్నట్టుండి నవ్వాడు. రిటైరయ్యాక ఈ మనిషి అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. గిదేందే, గొర్రెనా అని అడిగాడు. నాకు చిర్రెత్తి, అంత తెలిసినవాడివి నువ్వే నడిచి చూపించు అన్నాను.

అనకూడని మనిషిని అన్నాను. మా బాపు రాజలింగు ముప్ఫై ఏళ్ళు బొగ్గుబావిలో తట్టలు మోసే కోల్ ఫిల్లర్‌గా చేశాడు. కాలనీలో ఎవరినడిగినా ఆ ముక్క చెప్పరు. పీర్ల పండుగకు పులి వేషం కట్టే రాజలింగు అంటారు. మోకాళ్ళు పోయి పదకొండేళ్ళ కింద మానేశాడు. తర్వాత డీజేలు వచ్చాయి, కుర్ర పులులు వచ్చాయి, బాపును పిలవడం మానేశారు.

గ్లాసు కింద పెట్టాడు. లుంగీ ఎగ్గట్టాడు. హాల్లో గచ్చు మీద నాలుగు కాళ్ళ మీదికి వంగాడు.

తల కదలలేదు. అదీ నేను నెలరోజులుగా చేస్తున్న తప్పు. నా పులి తల ఊపుకుంటూ నడుస్తోంది. బాపు తల అలా నిలిచిపోయి ఉంది, బనీను కింద భుజాల ఎముకలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి. చెయ్యి నేల మీద పెట్టే ముందు ఒక్క క్షణం గాల్లో ఆపుతున్నాడు, నేలను నమ్మొచ్చా లేదా అన్నట్టు. తర్వాత మెత్తగా పెడుతున్నాడు. టీవీ స్టాండు దాకా పోయి, తిరిగి నా వైపు చూశాడు.

అవ్వ వంటింట్లోంచి వచ్చి, మోకాళ్ళకు మందు రుద్దేది నేనే గదా, మీకేం పోయింది అని ఇద్దరినీ కలిపి తిట్టింది.

చిన్నప్పుడు బోథ్ అడవిలో పశువులు కాస్తుంటే పులి వాగు దాటడం చూశాడట. ఆ నడకే తనకు వచ్చిందట. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

వీడియో తీస్తానంటే ఇక్కడ వద్దన్నాడు. డప్పు లేకుండా పులి రాదట. పీర్ల పండుగకు వాళ్ళ ఊరు పోదామన్నాడు.

జూలై 17, బుధవారం. బోథ్ దగ్గర, సక్కుబాయి అత్త ఇల్లు

ఇచ్చోడ దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారంతా పత్తిచేన్లు, వాన. బాపు కిటికీ పక్క సీటు కోసం నాతో పోట్లాడాడు.

సక్కుబాయి అత్త బాపు అక్క. తమ్ముడు మళ్ళీ పులి కడుతున్నాడని తెలిసి మరాఠీ తెలుగు కలిపి తిట్టింది, ఆ తర్వాత తనే పసుపు రంగు కలిపింది. నాలుగు గంటలు పట్టింది రంగు పూయడానికి. చారలు నేను గీశాను. జావా పులి చారలే గీశాను, సన్నగా, ఒత్తుగా. బాపుకు తెలియదు.

తోక పట్టేవాడు తాగి పడిపోయాడు. పులి నడుముకు కట్టిన తాడును వెనక ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఆవేశంలో పులి జనం మీద పడకుండా. ఏడేళ్ళప్పటి నుంచి పన్నెండేళ్ళ దాకా కాలనీలో బాపు తోక నేనే పట్టాను. పెద్దమనిషినయ్యాక వద్దన్నారు. ఇవాళ తాడు నా చేతికిచ్చి, అత్త బిడ్డ రేవతికి ఫోనిచ్చి, ఏం జరిగినా వీడియో ఆపొద్దని చెప్పాను.

డప్పు మొదలయ్యాక నా ముందున్నది బాపు కాదు. మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో. నా అరచేతులు తాడుకు కోసుకుపోయాయి.

వాకిళ్ళలో నిలబడ్డ ఆడవాళ్ళు ఈసారి ఎవలి పులే అని అడుగుతున్నారు. రాజలింగు పులి అని చెప్పుకుంటున్నారు. మా దగ్గర ఇదొక పద్ధతి. రంగు పూసినవాళ్ళుంటారు, డప్పు కొట్టేవాళ్ళుంటారు, తోక పట్టేవాళ్ళుంటారు. పులి మాత్రం ఆడినవాడిదే. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఇవాళా విన్నాను, సంతోషంగానే ఉంది.

ఆగస్టు 18, ఆదివారం

నడిచింది!

నెలరోజులు రేవతి తీసిన వీడియోను ఒక్కో ఫ్రేమ్ ఆపి, బాపు భుజం ఎక్కడుందో నా పులి భుజం అక్కడ పెట్టాను. మనిషి చేతులు వేరు, పులి కాళ్ళు వేరు. ఎముకల కొలతలన్నీ మార్చి, మళ్ళీ మార్చి, షాపులో ఓనర్ శ్యాంసుందర్ సార్‌తో నాలుగుసార్లు తిట్లు తిని, చివరికి ఇవాళ మధ్యాహ్నం ప్లే నొక్కితే గడ్డిలోంచి వచ్చింది. తల కదలకుండా. కాలు గాల్లో ఆపి, పెట్టి.

బాపును పిలిచాను. చూశాడు. మళ్ళీ చూశాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని బయటికి పోయాడు. అవ్వ వచ్చి ఏమన్నవే మీ బాపును అని నన్నడిగింది.

విజయేందర్‌కు వీడియో పంపాను. వాడు వెంటనే ఫోన్ చేశాడు. స్వరూపా, నీ చేతులకు మొక్కాలె అన్నాడు.

సెప్టెంబర్ 2

అప్‌లోడ్ చెయ్యొద్దంటున్నాడు విజయేందర్. ఆ గేమ్ చేసేవాళ్ళే అంతరించిన జంతువులతో కొత్త ప్యాక్ తెస్తున్నారట. ముందు వాళ్ళకు చూపిద్దాం, వాళ్ళు తీసుకుంటే మన పేర్లు గేమ్‌లోనే పడతాయి అంటున్నాడు. మెయిళ్ళు తను చూసుకుంటాడట, నా ఇంగ్లిష్ సంగతి వాడికి తెలుసు కదా.

ఫైళ్ళన్నీ పంపాను, రేవతి తీసిన వీడియోతో సహా. అన్నీ.

అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ

తీసుకున్నారు! గేమ్ వాళ్ళు మా పులిని తీసుకున్నారు! బతుకమ్మ ఆడుతుంటే విజయేందర్ నుంచి ఫోనొచ్చింది, చప్పట్ల మధ్య ఏమీ వినపడలేదు, పక్కకు పరుగెత్తాను. మోడల్, యానిమేషన్ స్వరూప అనీ, కోడ్ విజయేందర్ అనీ, నడక రాజలింగు అనీ పడుతుందన్నాడు. మూడు పేర్లు. వాడితో మూడుసార్లు చెప్పించుకున్నాను.

అవ్వకు చెప్తే, నీ పేరు టీవీల వస్తదా అంది. టీవీ కాదవ్వా అని విడమరచి చెప్పే ఓపిక లేక, వస్తుంది అన్నాను.

నవంబర్ 26

షాపు నుంచి వచ్చేసరికి బాపు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఎటైనా పోయావా అంటే లేదన్నాడు. టీపాయ్ మీద మూడు చాయ్ గ్లాసులున్నాయి. అవ్వ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగలేదు.

పింఛన్‌కు లైఫ్ సర్టిఫికెట్ పెట్టే నెల కదా, ఆ పని మీద ఎవరో వచ్చి ఉంటారు.

2025 జనవరి 19

విజయేందర్ ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే బిజీ అని ఒక్క ముక్క. ప్యాక్ ఎప్పుడొస్తుందని అడిగితే బొటనవేలు బొమ్మ పెట్టాడు. తేదీ అడిగితే బొటనవేలేంటి!

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

ప్యాక్ ట్రైలర్ వచ్చింది. షాపులో, పని మధ్యలో చూశాను. మొదట బొగ్గు. తర్వాత బాపు ముఖం, సగం రంగుతో. అది రేవతి తీసిన వీడియో, నా ఫోన్‌లోది. తర్వాత నా పులి గడ్డిలోంచి వస్తుంది. పైన బాపు గొంతు. ఇది నా పులి, ముప్ఫై ఏండ్ల సంది చేస్తున్న అంటున్నాడు. కింద ఇంగ్లిష్‌లో అక్షరాలు. భారతదేశంలో ఒక బొగ్గుగని కార్మికుడు, పులి నాట్యకారుడు, అంతరించిన పులికి ప్రాణం పోశాడని.

బాపు నడుము నుంచి తాడు కనిపిస్తోంది. తాడు చివర నా చెయ్యి కూడా ఉంది, మణికట్టు దాకా. అక్కడ ఫ్రేమ్ కోసేశారు.

చివర పేర్లు. తయారీ: రాజలింగు. సాంకేతిక సహకారం: విజయేందర్. ప్రత్యేక ధన్యవాదాలు: రాజలింగు కుటుంబానికి.

పదకొండుసార్లు చూశాను. కుటుంబం అట.

అదే రోజు, సాయంత్రం 7:30

బాపును అడిగాను. అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

నవంబర్‌లో విజయేందర్ ఇంటికొచ్చాడట, నేను షాపులో ఉన్నప్పుడు. ల్యాప్‌టాప్‌లో తెల్లవాళ్ళు కనపడ్డారట. వాళ్ళడిగినవి విజయేందర్ తెలుగులో చెప్పాడట. ఈ పులి ఎవరిది అని అడిగితే బాపు నాదే అన్నాడట. ఎన్నేళ్ళుగా చేస్తున్నావంటే ముప్ఫై ఏళ్ళన్నాడట. ఇందులో ఇంకెవరి చెయ్యైనా ఉందా అంటే లేదన్నాడట. కాయితం మీద సంతకం పెట్టాడట. బిడ్డకు చెప్పకు, సర్‌ప్రైజ్ అన్నాడట ఆ దొంగ నాకొడుకు.

నేను గుర్తుకు రాలేదా బాపూ అని అడిగాను. నెలల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరు అని అడిగాను.

బాపు నావైపు వింతగా చూశాడు. మోసం చేసినవాడు చూసే చూపు కాదది. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు.

"పులి ఆడింది నేను గదనే," అన్నాడు. "నువ్వు తోక పట్టినవ్ బిడ్డా. ఎప్పటి లెక్కనే."

ఫిబ్రవరి 15

షాపుకు పోలేదు. అన్నం తినలేదు. అవ్వ గిన్నె పెట్టి పోయింది, గిన్నె తీసుకుపోయింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

కరీంనగర్ పోయాను. టవర్ సర్కిల్ దగ్గర బేకరీ పైన వాడి రూము. నన్ను చూసి జడుసుకుంటాడనుకున్నాను. చాయ్ తెప్పించాడు.

వాడు చెప్పిందంతా రాయాలంటే చెయ్యి రావడం లేదు. ముందు మూడు పేర్లే పంపాడట. గేమ్ వాళ్ళు ఆ పేర్ల పక్కన రాసిన బాపు సంగతి చదివి ఎగిరి గంతేశారట. కార్మికుడు, పులి నాట్యం, అంతరించిన పులి, ఇదొక్కటే కథగా చెప్పాలన్నారట. తయారుచేసిన మనిషి, ఆడిన మనిషి ఒకరే అయితే ఎంత బాగుంటుందో అన్నారట. వాడు ఔను అన్నాడు. అంతే జరిగిందట. తను అబద్ధం ఒక్కటీ ఆడలేదట, మీ బాపునే అడిగించిన అంటాడు. వాడికి అక్కడే ఉద్యోగం కూడా ఇచ్చారు. వచ్చే నెల బెంగళూరు పోతున్నాడు.

నేను అరిచాను. కింద బేకరీవాడు పైకి చూశాడు. వాడు మాత్రం గొంతు పెంచలేదు, నాకు నచ్చజెప్పాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"ఫ్లెక్సీ షాపుల పనిజేసే పిల్ల కథ ఎవలు చూస్తరు స్వరూపా? నువ్వే చెప్పు."

పాలిటెక్నిక్‌లో వాడి ప్రాజెక్టు బొమ్మలన్నీ నేనే గీశాను. ఆ రోజుల్లోనే అర్థం కావాల్సింది.

చాయ్ తాగకుండా వచ్చాను. బస్సులో ఏడుపొచ్చింది. పక్కన కొండగట్టు గుడికి పోయి వస్తున్న ముసలామె నా వీపు నిమిరి, అంజన్న ఉన్నడు బిడ్డా అంది. ఎవరో తెలియని మనిషి నిమిరితే ఇంకా ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 20

గేమ్ వాళ్ళకు మెయిల్ రాశాను. తెలుగులో రాసి ఫోన్‌లో ఇంగ్లిష్ చేయించి, మళ్ళీ తెలుగు చేయించి చూసుకున్నాను. నా దగ్గరున్న ఫైళ్ళు, తేదీలు, మొదటి కుక్క నడక నుంచి చివరి దాకా అన్నీ పంపాను.

ఫిబ్రవరి 22

ఇవాళ షాపుకు ఒక ఆర్డర్ వచ్చింది. కాలనీ వాళ్ళు, యూనియన్ వాళ్ళు కలిసి ఇచ్చారు. పన్నెండు బై ఎనిమిది ఫ్లెక్సీ. 'ప్రపంచ ప్రఖ్యాత జావా పులి సృష్టికర్త రాజలింగు అన్నకు శుభాభినందనలు.' శ్యాంసుందర్ సార్ నా దగ్గరికొచ్చి, మీ ఇంటి పనే కదా, నువ్వే చెయ్యి అన్నాడు.

చేశాను. బాపు ముఖం మీద మచ్చలు తీశాను, కళ్ళ కింద నలుపు తీశాను. వెనక నా పులిని పెట్టాను. కింద నలభై మూడు పేర్లు టైపు చేశాను. షాపు పేరు వేశాను.

ప్రింట్ నొక్కాను.

ఫిబ్రవరి 25

ట్రైలర్ వెనకే ప్యాక్ గేమ్‌లోకి వచ్చింది, పులిని నా జూలో పెట్టుకున్నాను. రోజూ పొద్దున్నే బాపు నా గదిలోకి వచ్చి పులిని పెట్టమంటాడు. పెడతాను. చాయ్ చల్లారేదాకా చూస్తాడు. ఎందుకు పెడుతున్నానో నాకే తెలియదు. నేను కూడా దాన్ని చూడాలి కదా.

మార్చి 1

జవాబొచ్చింది. మర్యాదగా రాశారు. నా ఫైళ్ళు చూశారట, విషయం తీవ్రమైనదట. కానీ రాజలింగు సంతకంతో, ఆయన మాటలతో వాళ్ళ దగ్గర రికార్డు ఉందట. రెండే దారులు. ఒకటి, ఆ పులిని తయారుచేసింది తాను కాదని రాజలింగే వీడియోలో స్పష్టంగా చెప్పాలి. అప్పుడు నా పేరు వేస్తారు. రెండోది, నేను ఫారంలో వివాదం అని టిక్ పెట్టాలి. అప్పుడు తేలేదాకా పులిని గేమ్ నుంచి తీసేస్తారు, ఎవరి జూలోనూ ఉండదు. పదిహేను రోజుల్లో చెప్పాలి.

ఇద్దరి పేర్లూ వేయొచ్చు కదా అని అడిగాను. కాయితంలో తయారీ ఒక్కరిదే అని ఉందట.

మార్చి 2, ఆదివారం

బాపుకు అంతా చెప్పాను. ఈసారి అరవలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, సిస్టంలో పులిని విప్పి చూపించాను. చర్మం తీస్తే కింద కండలు, కండలు తీస్తే ఎముకలు, ఎముకల మీద నేను పెట్టిన వేల చుక్కలు. ఇదంతా నేను చేశాను బాపూ అన్నాను. చాలాసేపు చూశాడు. గింతగనం చేసినవా అన్నాడు. కళ్ళలో నీళ్ళొచ్చాయి ఆయనకు. నాకు ప్రాణం లేచొచ్చింది.

చొక్కా మార్చుకున్నాడు. నేను రాసిచ్చింది రెండు వాక్యాలు. ఈ పులిని తయారుచేసింది నా బిడ్డ స్వరూప. నేను కాదు.

మొదటి వాక్యం బ్రహ్మాండంగా చెప్పాడు, ఛాతీ విరిచి. రెండో దాని దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ తీశాను. మళ్ళీ ఆగాడు. మూడోసారి నేను గూడ అన్నాడు. అలా కుదరదు బాపూ అన్నాను. నాలుగోసారి దగ్గొచ్చింది. అయిదోసారి ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు.

"నేను గాదని నేనెట్ల అంటనే," అన్నాడు. "గిది గూడ లేకుంటే నేనెవన్ని? బాయిల తట్ట మోసినోన్ని. వెయ్యిమంది మోసిన్రు. గది ఒక్కటి అడగకు బిడ్డా."

మరి నేనెవరిని అని అడిగాను.

బాపు చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.

మార్చి 5

అవ్వ బట్టలు మడతపెడుతూ చెప్పింది. విజయేందర్ వచ్చిన రోజు తను కూడా అక్కడే ఉందట. ఇంకెవరి చెయ్యైనా ఉందా అని అడిగినప్పుడు బాపు వెంటనే లేదనలేదట. నా గది తలుపు వైపు చూశాడట. ఆ తర్వాత లేదన్నాడట.

ఎందుకు చెప్పావవ్వా నాకిది. ఆయనకు అర్థం కాక అన్నాడని, మా పద్ధతే అంత అని, ఇన్ని రోజులూ కొంచెం కొంచెం సర్దుకుంటున్నాను. తలుపు వైపు చూశాడట!

నువ్వెందుకు నోరు మూసుకున్నావని అడిగాను. అంత సంతోషంగా ఆయనను పెళ్ళిలో కూడా చూడలేదంది. దుప్పటి అంచులు కలిపి పట్టుకో అని నా చేతికిచ్చింది. పట్టుకున్నాను.

మార్చి 9

విజయేందర్ మెసేజ్ పెట్టాడు. తొందరపడి పులిని తీయించకు, ఇప్పటికే లక్షమంది పెంచుకుంటున్నారు, మీ బాపు పరువు ఆలోచించు అని. బొటనవేలు పెట్టాను.

మార్చి 13

పులి ఇవాళ నీళ్ళు తాగుతుంటే చూశాను. తాగే ముందు ఆగి, తల ఎత్తకుండా కళ్ళు మాత్రం ఎత్తుతుంది. అది బాపుది కాదు. ఆ చూపు నేను పెట్టింది. అవ్వను చూసి పెట్టాను, బిందె నింపుకుంటూ నల్లా దగ్గర ఎవరొస్తున్నారో అలాగే చూస్తుంది. ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండా ఎంత పెట్టానో దీంట్లో.

వదిలేద్దామా అనుకున్నాను. బతికుంది కదా, ఎవరి పేరైతేనేం అని. ఒక గంట నిజంగానే అలా అనుకున్నాను. గంట దాటాక మళ్ళీ ఆ తలుపు గుర్తొచ్చింది.

మార్చి 15

టిక్ పెట్టాను.

మార్చి 17

తరువాతి అప్‌డేట్‌లో తీసేస్తామని మెయిల్ వచ్చింది. బాపుకు చెప్పాలి. ఇవాళ చాయ్ తాగుతూ, దీని నడక కొద్దిగా మందగించినట్టుంది, వానాకాలం వస్తే మంచిగైతదిలే అన్నాడు. గేమ్‌లో వానాకాలం లేదు. చెప్పలేదు. ఏదీ చెప్పలేదు.

కోపం తగ్గలేదు నాకు. తగ్గాలని కూడా లేదు.

ఏప్రిల్ 2, ఉదయం 6:10

అప్‌డేట్ దిగింది. గడ్డి ఉంది, నీళ్ళున్నాయి, చూడడానికొచ్చిన జనం కంచె అవతల నిలబడి ఉన్నారు. పులి లేదు.

బాపు చాయ్ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు. ఏదే అన్నాడు. గుహలో పడుకుంది అన్నాను.

నమ్మాడు. అది లేచి బయటికి వచ్చేదాకా కూర్చుంటాడట. నన్ను చప్పుడు చెయ్యొద్దన్నాడు.